వచ్చే ఏటి పుస్తకం

బస్సు మళ్ళీ ఆగింది. ఆగడమంటే పూర్తిగా ఆగడం కూడా కాదు, మూలుగుతూ ముక్కుతూ ఒక అడుగు వేసి, ఇంకో అడుగు వెయ్యనా మాననా అన్నట్టు ఒక పక్కకు ఒరిగి నిలబడింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు పొడవునా తవ్విపోసిన మట్టి, మట్టి పక్కన నీలం పైపులు, ఒక పైపు మీద కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టి కునుకు తీస్తున్న పనివాడు. ఆ పైపులు ఎక్కడ వంగాలో, ఎక్కడ రెండుగా చీలాలో ఆమెకు తెలుసు. నీటి సరఫరా ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం ఆమెది, ఈ వీధి పటం గీసింది ఆమే. తను గీసిన గీత మీద తనెక్కిన బస్సే ఇరుక్కుంది, చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత అనుకుంది కానీ నవ్వు రాలేదు. ఒళ్ళో సంచీ పట్టీని వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. వేలి చివర తెల్లబడుతోంది, వదిలితే ఎర్రబడుతోంది. పక్క సీట్లో తమ్ముడు మాట్లాడుతూనే ఉన్నాడు. ఎక్కినప్పట్నుంచీ అదే వరస.

"ఈసారి వస్తుందక్కా. రాసిపెట్టుకో. మడుగుపట్నం పుస్తకం వచ్చి తీరుతుంది."

ఊఁ అంది. అనకూడదని అనుకుంటూనే అంది. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, వారమంతా ఎవరెవరి మేడల్లోనో చీకటి గొట్టాల్లో వేలాడుతూ ఉంటాడు కాబట్టి సెలవు రోజున వెలుతురు తగిలిందంటే నోరు మూతపడదు. ఇవాళ మరీను. ఇవాళ ఆటల కొట్టులో జోస్యాల రోజు. ఏడాదికోసారి కొట్టు వెనక గదిలో పొడుగుబల్ల చుట్టూ ఇరుకిరుగ్గా కూర్చుని, వచ్చే ఏడు ఆటకు ఏ పుస్తకాలొస్తాయో ఒక్కొక్కరే చెప్పాలి. అందరూ అయ్యాక ఆమె చెప్పాలి. ఆమె చెప్పాక ఇంకెవరి మాటా ఎవరూ వినరు గనక ఆమెను చివరకు పెడతారు. అక్కడ ఆమె పేరు సోదక్క. సోది చెప్పిందంటే జరిగి తీరుతుందని కొందరు, చెప్పేదంతా సోదేనని ఇంకొందరు, రెండు పక్షాలూ కలిసి పెట్టిన పేరది. కొట్టాయన పొద్దున్నే మెసేజ్ పెట్టాడు, సోదక్కా కుర్చీలు చాలవు, నీ కోసం పక్క ఊళ్ళ నుంచి కూడా వస్తున్నారు అని. చదివి ఫోను సంచీ అడుగుకు తోసేసింది.

ఆటంటే మరేం లేదు, పిల్లలు నువ్వు దొంగవి నేను పోలీసుని అనుకుని ఆడుకునేదాన్నే పెద్దవాళ్ళు నియమాలు పెట్టుకుని ఆడతారు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్రై ఆ కథలో నడుస్తారు, కత్తిగాడొకడు, మంత్రగత్తె ఒకతి. వేసిన వేటు తగిలిందా తప్పిందా, తాళం తెరుచుకుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఆ ఆట పుట్టించిన కంపెనీ ఎక్కడో దూరాన ఉంది. ఏటా కొన్ని పుస్తకాలు వేస్తుంది. కొన్నిట్లో కొత్త నియమాలు, కొన్నిట్లో కొత్త సాహసాలు, కొత్త రాజ్యాలు. ఏవి రాబోతున్నాయో చివరిదాకా గుట్టుగా ఉంచుతుంది. ఆ గుట్టు విప్పడంలోనే ఆమె దిట్ట. మంత్రమేం లేదు. ఆట బల్ల మీద పెట్టుకునే చిట్టి బొమ్మలు పోతపోసేవాళ్ళు ఉన్నట్టుండి కప్పల బొమ్మలు అమ్మకానికి పెట్టారంటే ఏడాది తిరక్కుండా చిత్తడి నేలల సాహసం వస్తుందన్నమాట. ఒక పాత పుస్తకం కొట్లలో దొరక్కుండా పోయి, మళ్ళీ అచ్చు వెయ్యలేదంటే దాని స్థానంలోకి కొత్తది తయారవుతోందన్నమాట. భయంకరమైన కథ తర్వాత తేలికైన కథ వేస్తారు, తేలికైనది అమ్ముడుపోకపోతే మళ్ళీ దయ్యాలూ సమాధులూ. అంతా భూమిలో పైపుల్లాంటిదే, పైకి కనపడేది ఒక కుళాయి, ఒక మూత, అక్కడక్కడ తడి మరక, ఆ మరకలు కలుపుకుంటూ పోతే కింద గొట్టం ఎటు పోతోందో తెలిసిపోతుంది. ఇన్నేళ్ళూ ఆ తడి మరకల మీదే బతికింది. తెలీని దాన్ని తెలుసుకోవడంలో ఎంత హాయి ఉండేదో. పందెం గుర్రం గెలిచినట్టు కొట్టులో అందరూ వీపు తట్టేవాళ్ళు.

ఇప్పుడు తెలుసు. తెలిసిపోయాక సోది ఏమిటి, చాడీ అవుతుంది.

ముందు సీట్లో ఒకావిడ పసిపిల్లను భుజాన వేసుకుని జోకొడుతోంది, పిల్ల నిద్రపోవడం లేదు, ఆమె వంకే గుడ్లప్పగించి చూస్తోంది. ఏం చూస్తావే, నా మొహం మీద రాసుందా. రాసే ఉందేమో. చిన్నప్పట్నుంచీ మొహం దాచుకోవడం రాదు, దాగుడుమూతల్లో కూడా మొదట దొరికేది తనే, దాక్కున్న చోట నవ్వొచ్చేసేది. పిల్ల కళ్ళు తప్పించుకుని కిటికీ వైపు తిరిగింది. కిందటి చలికాలంలో సరదాగా ఒక పటం గీసి నెట్‌లో పెట్టింది. తమ్ముడు నడిపే ఆటలో వాళ్ళందరూ ఏళ్ళ తరబడి తిరిగిన ఊరు, మడుగుపట్నం. కంపెనీ వాళ్ళ పాత పుస్తకంలో నాలుగు పేరాలున్న ఊరే, దానికి నోరు తిరగని పేరేదో ఉంటే మడుగుపట్నమని మార్చింది అప్పట్లో వాళ్ళతో ఆడే మావయ్య. ఆ నాలుగు పేరాల ఊరికి వీధులూ సందులూ రేవులూ వాళ్ళే కట్టుకున్నారు. పటం చూసి కంపెనీ పుస్తకాల్లో బొమ్మల వ్యవహారం చూసే మనిషి ఉత్తరం రాసింది, మాకు పటాలు గీసిపెడతారా అని. గుండె ఆగినంత పనైంది. సంతకం పెట్టించుకున్నారు, పుస్తకం బయటికొచ్చేదాకా కన్నతల్లికి కూడా చెప్పకూడదని. పెట్టింది. ఎందుకు పెట్టదు, కలలో కూడా అనుకోని పని. తర్వాత పంపిన కాగితాలు తెరిచి చూస్తే మొదటి పేజీలోనే ఆ ఊరు. తమ్ముడు ఇన్నేళ్ళుగా వస్తుంది వస్తుంది అంటున్న పుస్తకం. పరుగెత్తుకెళ్ళి వాడి మెడ పట్టుకుని ఊపేసి చెబుదామనిపించింది. రెండో పేజీ తిప్పింది.

ఊరు మునిగిపోయింది. సాహసం మొదలయ్యేసరికే మునిగిపోయి ఉంటుంది. నీళ్ళలో తేలే ఇళ్ళ కప్పుల మధ్య ఆటగాళ్ళు పడవలేసుకుని తిరగాలి, అడుగున నిధులకోసం మునగాలి. మునిగిన ఊరి పటం గీసి పంపమన్నారు. గీసింది. ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, బల్ల ముందు కూర్చుని నీటిమట్టం ఎక్కడిదాకా వస్తుందో గీత గీతగా గీసింది. పల్లపు వీధులు ముందు పోయాయి. రేవు అన్నిటికంటే ముందు పోయింది. ఆ రేవులోనే ఉండేది పడవ తాత గుడిసె. కంపెనీ పుస్తకంలో పడవ తాత లేడు, వాళ్ళకు అతని సంగతి తెలియదు, అతను మావయ్య పాత్ర. లేని మనిషి గుడిసెను ఎవరు మాత్రం ఎందుకు మిగులుస్తారు. అయినా ఆ చోట నీలం రంగు పూసేటప్పుడు కుంచె ఎత్తి కాసేపలా కూర్చుండిపోయింది.

"వింటున్నావా? పోయిన పుస్తకంలో సత్రంలో ముసలమ్మ అనే మాట ఉందా, మడుగు తీసుకున్నది మడుగే ఇస్తుంది అని. ఊరికే రాస్తారా దాన్ని? మునిగినవాళ్ళు తిరిగొచ్చే నియమం తయారుచేస్తున్నారు. నేను చెప్తున్నాగా."

ఊరికే రాశారురా. ఆ మాట ఒక పాటలో పల్లవి, అంతే. అచ్చుకు పోబోయే కాగితాలన్నీ చదివాను, ఈతకు నియమాలున్నాయి, ఊపిరి బిగబట్టడానికి నియమాలున్నాయి, తడిసిన తాడు ఎంత బరువు మోస్తుందో కూడా ఉంది, అది చూస్తే నువ్వు మురిసిపోతావు, కానీ మునిగినవాళ్ళు తిరిగి రావడానికి మాత్రం ఏమీ లేదు. ఇదంతా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించింది. బస్సు ఒక్క కుదుపు కుదిపి నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగింది. వెనకెవరో డ్రైవర్ని, దిగి తొయ్యమంటావా బాబూ అని అడిగారు, బస్సంతా నవ్వింది. తమ్ముడూ నవ్వాడు. నవ్వినప్పుడు అచ్చం మావయ్యలాగే ఒక కన్ను ముందు మూస్తాడు, వాడికా సంగతి తెలియదు, చెబితే ఇప్పుడు మూయడం మానేస్తాడు.

మావయ్య కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు అరగదీసేవాడు. అమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగాలకు పోతే బడి నుంచి వచ్చిన పిల్లలు ఆ కొట్టు వెనక గదిలోనే కూర్చునేవాళ్ళు, సానచక్రం జుయ్యిమంటూ తిరిగేది, మావయ్య ఒక అద్దాన్ని వెలుతురుకెత్తి చూసి, ఇందులోంచి చూస్తే మీ అక్క ఎక్కాలు కూడా అందంగా కనపడతాయిరా అనేవాడు. ఆటలోకి ఆయన కోరి రాలేదు. తమ్ముడు మొదటిసారి ఆట నడిపిన రోజున ఒకళ్ళు తక్కువయ్యారు, గుమ్మంలో చెప్పులు విడుస్తున్న మావయ్యను లాక్కొచ్చి కూర్చోబెట్టారు. నాకు కత్తులొద్దు, పడవ నడిపేవాణ్ణి అవుతాను అన్నాడు. అంతే, పడవ తాత పుట్టాడు. అందరూ నిధి మీద పడుకున్న డ్రాగన్‌ను చూసి కత్తులు దూస్తే పడవ తాత ముందుకెళ్ళి, ఏమయ్యా, అంత బంగారం మీద పడుకుంటే వీపు నొప్పెట్టదూ అని అడిగాడు. దూది పరుపు తెచ్చిస్తే దారి వదిలేట్టు బేరం కుదుర్చుకున్నాడు. నియమాల పుస్తకం తిరగేసి తిరగేసి పరుపు ధర ఎక్కడా లేదని తమ్ముడు తల పట్టుక్కూర్చున్నాడు. ఆ బేరం తలుచుకుని ఇప్పటికీ కొట్టులో నవ్వుతారు. జోస్యాలు కూడా అలాగే చెప్పేవాడు. ఆమె బొమ్మలూ ఆధారాలూ లెక్కలూ చూపిస్తుంటే, అవన్నీ దేనికే, కథ రాసేవాడి చెయ్యి ఎక్కడ దురద పెడుతోందో చూడు, గోక్కోక మానడు అనేవాడు. ఒక ఏడు, వీళ్ళు వంటల పుస్తకం వేస్తారు చూడండి అన్నాడు. పడీ పడీ నవ్వారు. వేశారు.

ఆ మావయ్య తమ్ముడితో మాట్లాడి మూడేళ్ళు దాటింది. తమ్ముడు మావయ్యతో మాట్లాడి మూడేళ్ళు దాటింది అన్నా ఒకటే, ఇద్దరూ ఒకే గుడ్డలోంచి కత్తిరించిన ముక్కలు. మాటలు ఆగిన ఆ సాయంత్రం, ఆటలో మడుగులోంచి ఒక చెయ్యి లేచి పడవ తాత పడవ అంచు పట్టుకుంది. పాచిక మావయ్య చేతిలోనే ఉంది, బల్ల మీద దొర్లింది, ఒకటి పడింది. అంతకంటే తక్కువ ఆ పాచికకు లేదు. మావయ్య దాన్ని చూసి, మళ్ళీ వేస్తానురా అన్నాడు. తమ్ముడు, ఆటంటే ఆటే మావయ్యా అన్నాడు. తప్పు అనడానికి లేదు, వాడలాంటివాడే. నియమం ఒక్క మర తప్పితే మనుషులున్న పెట్టె కింద పడుతుందనే పనిలో ఉన్నవాడు, ఇంట్లో చపాతీలు కూడా ముందు కాల్చినవి ముందు తినాలంటాడు. మావయ్య ఇంకోసారి అడిగాడు. బల్ల చుట్టూ అందరూ చూస్తున్నారు. కుదరదు, మునిగిపోయాడు అన్నాడు తమ్ముడు. మావయ్య కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మంచిది అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. పిచ్చి పట్టింది ఈయనకి, ఆటకి అలుగుతాడా అని నవ్వుకున్నారు వెనక. ఆమె కూడా నవ్వింది.

తర్వాత ఎప్పుడో కళ్ళజోళ్ళ కొట్టుకు వెళ్తే సానచక్రం ముందు వేరే ఎవరో కూర్చుని ఉన్నారు. ఆట రోజు పొద్దున్నే డాక్టరు చూసి చెప్పాడట, కంటి నరం ఎండిపోతోంది, ఇక ఈ పని మానుకోవాలి అని. ఆ సంగతి చెబుదామనే వచ్చుంటాడు సాయంత్రం. చెప్పేలోపు ఆటలో కూర్చోబెట్టారు. మళ్ళీ వేస్తానురా. ఆ గొంతు ఆమెకు బస్సు హోరులో కూడా వినపడింది. తమ్ముడికి చెప్పింది అప్పుడే. విన్నాడు. గోడ వంక చూస్తూ చాలాసేపు గోళ్ళు కొరికాడు. ఆ పూటే వెళ్తాడనుకుంది. వెళ్ళలేదు. కోపమున్నప్పుడు వెళ్ళగలిగినవాడు సిగ్గు పట్టుకున్నాక వెళ్ళలేకపోయాడు. ఉత్త చేతులతో ఎలా వెళ్ళేది అక్కా అన్నాడొకసారి. అప్పట్నుంచే ఈ పుస్తకం పిచ్చి. మునిగినవాడు తిరిగొస్తాడని కంపెనీ వాడు అచ్చేసి ఇస్తే, ఆ పేజీ తెరిచి పట్టుకుని మావయ్య గుమ్మంలో నిలబడతాడట. ఇదిగో నియమం, ఇదిగో నీ పడవ తాత. నియమం వంచకుండా, తల వంచకుండా. ఇక్కడ వీడు ఎవరూ రాయని నియమం కోసం కూర్చుంటే అక్కడ ఒక ముసలాయన చూపు తరిగిపోతోంది. ఆమె నెలకోసారి వెళ్ళి చూస్తూనే ఉంది, కూరగాయలిచ్చి, మందులు సర్ది, ఆ మాటా ఈ మాటా. తమ్ముడి ఊసెత్తితే, బాగున్నాడా, మంచిది. అంతవరకే. కిందటిసారి వెళ్ళినప్పుడు ఆమె కట్టుకున్న చీర రంగు ఏమిటో అడిగి తెలుసుకున్నాడు.

"అక్కా, ఒక్క మాట." తమ్ముడి గొంతు మారింది. అంతదాకా ఊగిపోతూ మాట్లాడినవాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "నువ్వీసారి వస్తుందను. ఆధారాలు లేకపోతే లేకపోయాయి. నువ్వంటే వస్తుంది."

"నేనంటే వస్తుందా, నేనేమన్నా దేవతనా?"

"నువ్వు ఇప్పటిదాకా తప్పింది ఎన్నిసార్లు? వస్తుందని నువ్వంటే, నేను ఇంకో ఏడు ఆగగలను."

ఇంకో ఏడు. అందులో తప్పేమీ లేదన్నట్టే అన్నాడు. ఆమె ఒంట్లో ఏదో చుర్రుమంది. కొట్టులో పొడుగుబల్ల, చుట్టూ మొహాలు, వస్తుంది అనాలి. అంటే నిజమే, వస్తుంది. అది చెప్పకూడదని సంతకం పెట్టింది. రాదు అంటే అబద్ధం. ఏదో నోటికొచ్చింది చెప్పి తప్పుకుంటే వీడు ఇంకో ఏడు ఆగుతాడు. పుస్తకం వచ్చాక పేజీలు తిప్పి తిప్పి, ఆ నియమం లేదని తెలిసి, ఆపైన వచ్చే పుస్తకం కోసం ఆగుతాడు, వీడికి ఆగడం అలవాటైపోయింది, కరెంటు పోయి ఆగిన లిఫ్టు పెట్టెలాగా అంతస్తుకీ అంతస్తుకీ మధ్య వేలాడుతూ. ఆ వేలాడ్డమే హాయిగా ఉన్నట్టుంది వీడికి. మరి ఇన్నేళ్ళూ తను చేసింది మాత్రం ఏమిటి. రాబోయేదాన్ని చెప్పీ చెప్పీ, ఉన్నదాన్ని చూడ్డం మానేయలేదూ. వచ్చే ఏడు వచ్చే ఏడు అని పాట. నాలుక మీద మునిగిపోయిన ఊరంతా బరువుగా కూర్చునుంది. అది చెప్పకూడదు. చెప్పకూడనిది అదొక్కటే కదా. మిగతాదంతా చెప్పొచ్చు కదా. మిగతాదానికి ఎవడి సంతకం కావాలి?

బస్సు తవ్వకం దాటుకుని ఒక్కసారిగా ఊపందుకుంది. పాత సినిమా హాలు, బట్టల కొట్టు, బూట్ల కొట్టు, ఆ మలుపు తిరిగితే కళ్ళజోళ్ళ కొట్టున్న సందు. సందు వెనక మావయ్య గది. ఈ దారిన బస్సెక్కిన ప్రతిసారీ ఇక్కడికొచ్చేసరికి తమ్ముడు ఫోను తీసి చూసుకుంటాడు, ఇప్పుడూ తీశాడు. ఆమె లేచి గంట నొక్కింది.

"ఇక్కడెందుకు? మనం దిగేది ఇంకా చాలా ఉంది."

"దిగు."

"కొట్టులో అందరూ చూస్తుంటారే."

"చూడనీ. దిగరా ముందు, డ్రైవరు తిడతాడు."

దిగాక గానీ వాడికి ఎక్కడున్నాడో తలకెక్కలేదు. తలకెక్కాక అక్కడే పాతేసినట్టు నిలబడ్డాడు. రోడ్డు మీద జనం వాణ్ణి చుట్టూ తప్పించుకుని పోతున్నారు. నేను రానన్నాడు. చేతిలో ఏమీ లేదన్నాడు. ఇవాళ వద్దక్కా, పుస్తకం వచ్చాక ఇద్దరం కలిసి వద్దాం అన్నాడు. నోరు తెరిస్తే ఏం జారుతుందోనని ఆమెకు భయం. వాడి మోచెయ్యి పట్టుకుని, చిన్నప్పుడు సూది వేయించడానికి లాక్కెళ్ళినట్టే లాక్కెళ్ళింది. మావయ్య ఉండే మేడ కింద లిఫ్టు తలుపు ముందు కుర్చీ అడ్డం పెట్టి ఉంది, చెడిపోయిందని గుర్తు. తమ్ముడి మొహం వెలిగింది.

"ఉండు, దీని సంగతేమిటో చూసొస్తా. మనుషులెలా ఎక్కుతున్నారో ఏమో, ముసలివాళ్ళున్న చోట..."

"తర్వాత చూద్దువుగాని."

మెట్ల మీద వాడి అడుగులు ఆమె వెనక నెమ్మదిగా పడుతున్నాయి. మావయ్య తలుపు తియ్యకపోతే, తీసి మంచిది అని వేసేస్తే, వాడికి మిగిలిన ఆ ఒక్క పుస్తకం ఆశ కూడా చేజేతులా పోగొట్టినదాన్నవుతాను. వెనక్కి తిరిగి దిగిపోదామా అనిపించింది. తలుపు కొట్టింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు, చెప్పులు నేలకు రాసుకుంటున్న చప్పుడు.

"ఎవరూ?"

నేనే మావయ్యా అని ఎప్పుడూ అనేదే, నోటిదాకా వచ్చింది. ఆపేసుకుంది. తమ్ముడి వంక చూసింది. వాడు గోడకున్న కరెంటు డబ్బా వంక చూస్తున్నాడు.

"ఎవరంటే పలకరేం?"

"నేను మావయ్యా."

తలుపుకు అవతల చెప్పుల చప్పుడు ఆగింది. "నేనంటే?"

"లిఫ్టువాణ్ణి."

"మేమెవరినీ పిలవలేదే."

ఆమె కళ్ళు మూసుకుంది. గడియ తీసిన చప్పుడు వినపడింది. మావయ్య మొహం ఒక పక్కకు తిప్పి, కంటి కొసతో వాణ్ణి వెతుకుతున్నాడు. వెతికి పట్టుకున్నాడు. "చిక్కిపోయావా, నాకే సగం కనపడుతున్నావా?" అన్నాడు. "ఎక్కి వచ్చావుగా, లోపలికి రా. తలకాయ జాగ్రత్త, గుమ్మం కురచ." వాడు వంగి లోపలికి నడిచాడు. ఆమె వెనకే వెళ్ళి మంచం పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన తడుముకోకుండా రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి బల్ల మీద పెట్టాడు. ఎవరూ తాగలేదు.

"ఇవాళ జోస్యాల రోజుగా. కొట్టుకి వెళ్ళలేదూ?"

ఆయనకు గుర్తుంది. తమ్ముడు అప్పుడు మాట్లాడ్డం మొదలుపెట్టాడు. క్షమించు అనీ అనలేదు, కళ్ళ సంగతీ ఎత్తలేదు, నేరుగా ఆ సత్రం ముసలమ్మ మాట దగ్గర మొదలుపెట్టి, ఆధారాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, మునిగినవాళ్ళు తిరిగొచ్చే నియమం వస్తుంది మావయ్యా, వచ్చాక తీసుకొద్దామని, ఆ పేజీ చూపిద్దామని, పడవ తాత... అని అక్కడ ఆగిపోయాడు. ముక్కు ఎగపీల్చాడు. ఇంత మనిషి.

"పుస్తకం కోసం ఆగావా?" అన్నాడు మావయ్య. "రాకపోతే ఇహ రావా?"

వాడు గ్లాసు అంచు మీద వేలు తిప్పుతున్నాడు.

"వెధవా. పడవవాడు పోయాడు. పాచిక నేనే వేశాను, పోయాడు. ఆ పూటకు కోపమొచ్చింది, తెల్లారేసరికి పోయింది కూడాను. పొద్దున్న వస్తావుగదా తిడదామని కూర్చున్నాను. పొద్దున్న రాలేదు, మర్నాడు రాలేదు. తిట్లన్నీ మర్చిపోయాను."

తమ్ముడు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. మావయ్య చెయ్యి చాచి, గాల్లో కొంచెం తప్పి, వాడి భుజం దొరికాక అక్కడే ఉంచాడు. ఆమెకు గదిలో నిలబడ్డానికి చోటు చాలనట్టయింది, కిటికీ దగ్గరికి వెళ్ళింది, వచ్చింది. సంచీలో ఫోను గిలగిలలాడుతోంది, కొట్టాయనే అయ్యుంటాడు. పుస్తకం వచ్చాక వీడికి తెలుస్తుంది. పటాల కింద తన పేరు చూస్తాడు. అప్పుడు అడుగుతాడు, బస్సులో నీకు తెలుసా అని. తెలుసు అనాల్సొస్తుంది. అలుగుతాడు. ఎన్నాళ్ళు అలుగుతాడో, ఈ ఇంటి అలకలు ఎలా ఉంటాయో చూస్తూనే ఉన్నానుగా.

"అయినా ఆ నియమం రాదురా," అంటున్నాడు మావయ్య. గొంతులో పాత పొగరు తిరిగొచ్చింది. "పుస్తకమొస్తుంది. ఊరే ఉండదు. ముంచేస్తారు."

"ముంచడమేమిటి? మడుగుపట్నాన్నా?"

"నాలుగు పుస్తకాల్నుంచీ ఎక్కడ చూసినా వరదలూ, తెగిన గట్లూ, కప్పలూను. రాసేవాడి చెయ్యి అక్కడే దురద పెడుతోంది. ఊరు ముంచితే గానీ తీరదు."

"ఇన్నేళ్ళు కాపాడుకొచ్చిన ఊరిని అలా ఎవడు ముంచుతాడు మావయ్యా? నీకేమన్నా మతి పోయిందా? ఆ ఊరి మీద ఇంకా ఎన్ని కథలు రాయొచ్చు!"

"కాపాడింది మనం. వాళ్ళు కాదు."

"ముంచరు."

"ముంచుతారు. పందెం." మొహం అటూ ఇటూ తిప్పి, ఆమె ఎక్కడుందో వెతుక్కున్నాడు. "ఏమే, నువ్వు చెప్పు. ముంచుతారా లేదా?"

ఇద్దరూ ఆమె వైపే తిరిగారు. అన్నేళ్ళ జోస్యాల్లో ఒక్కసారి కూడా తడబడని నోరు ఎండిపోయింది. నీళ్ళ గ్లాసు తీసుకుని తాగింది. "నాకేం తెలుసు మావయ్యా," అంది. ఆ మాట ఆమె గొంతులోంచి ఎంత వింతగా వచ్చిందంటే తనే ఉలిక్కిపడింది.

మావయ్య తల పక్కకు వంచాడు. చూపు తగ్గిన దగ్గర్నుంచీ ఆయన చెవితోనే చూస్తున్నాడు కాబోలు. ఆమె మాట ఆగిపోయాక కూడా వింటున్నట్టే కొంతసేపు అలాగే ఉన్నాడు. ఆయన పెదవి చివర ఏదో కదిలింది.

"ఏంటక్కా, ఇవాళంతా అదోలా ఉన్నావు. ఏదో ఒకటి చెప్పు," అన్నాడు తమ్ముడు.

"దాన్నొదిలెయ్," అన్నాడు మావయ్య చప్పున. "దానికి గొంతు బాగాలేదు. నాతో మాట్లాడు. ముంచరంటావు, ఏమిటి నీ ఆధారం? ఒక్కటి చెప్పు."

ఒక్కటేమిటి, వంద చెబుతానంటూ తమ్ముడు లేచి వెళ్ళి మంచం మీద మావయ్య పక్కన కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. ఫోను మళ్ళీ మోగింది. ఆమె తీసి చెవి దగ్గర పెట్టుకుంది. ఎక్కడున్నావు సోదక్కా, అందరూ అయ్యారు, నువ్వే మిగిలావు, అంటున్నాడు కొట్టాయన, వెనక బోలెడు గొంతులు. "ఈ ఏడు నేను చెప్పలేను. మీరే చెప్పుకోండి," అంది. ఎందుకని అడుగుతుండగా కట్టేసింది. ఫోను మళ్ళీ సంచీ అడుగుకు తోసేసింది. మోగితే మోగనీ. మంచం మీద ఇద్దరూ మోకాళ్ళు తగిలేలా కూర్చుని ఒకడి మాట మీద ఒకడు పడి అరుచుకుంటున్నారు, కప్పలట, గట్లట, పోయిన పుస్తకంలో పదకొండో అధ్యాయమట. ఆమె చెప్పులు విడిచి ఒక మూల పెట్టింది. మంచం దగ్గరికి వెళ్ళింది.

"కాస్త జరుగు మావయ్యా," అంది.